పాత కెర్నళ్లు, లాగ్‌లు శుభ్రం చేసే బాష్ స్క్రిప్ట్: పదేళ్లు నిలబడాలంటే ఏం చేయాలి?

బూట్_ఖాళీ అడిగారు:

నమస్కారమండీ. డెబియన్, ఉబుంటు సర్వర్లలో డిస్క్ ఖాళీ చేసే ఒక చిన్న ఓపెన్ సోర్స్ బాష్ స్క్రిప్ట్ గురించి అడుగుతున్నాను. 380 లైన్లు, ఎంఐటీ లైసెన్సు. చేసే పనులు నాలుగే. /బూట్‌లో పేరుకుపోయిన పాత కెర్నళ్లు (సిస్టమ్ మూల ప్రోగ్రామ్ పాత వెర్షన్లు) తీసేస్తుంది, ఆప్ట్ క్యాష్ (దించుకున్న ప్యాకేజీ ఫైళ్లు) ఖాళీ చేస్తుంది, జర్నల్‌ను (సిస్టమ్ లాగ్) 200 ఎంబీకి కుదిస్తుంది, స్నాప్ (ఉబుంటు యాప్ ప్యాకేజీలు) పాత రివిజన్లు తొలగిస్తుంది. రూట్‌గా నడుస్తుంది. ఎక్కువమంది క్రాన్‌లో (పనులను నిర్ణీత వేళకు నడిపేది) పెట్టుకుని మర్చిపోయారు.

కొత్త ఫీచర్లు ఏమీ అక్కర్లేదు. ఇవాళ చేస్తున్న పని రేపు కూడా చేస్తే చాలు. కానీ స్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా డిస్ట్రో కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి విరుగుతోంది. ఇప్పుడు తెరిచి ఉన్న ఇష్యూలు ఇవి:

డెబియన్ 13లో కెర్నళ్ల జాబితా ఖాళీగా వస్తోంది. ఆ భాగం "ఆప్ట్ లిస్ట్" అవుట్‌పుట్‌ను ఆక్ అనే టెక్స్ట్ కోసే ఆదేశంతో కోస్తుంది.

రాస్ప్‌బెర్రీ పై మీద "కొత్తవి రెండు ఉంచు" అన్న నియమం సరిగ్గా పనిచేయడం లేదు. వెనక్కి వెళ్లడానికి పాత వెర్షన్ ఒక్కటీ మిగలడం లేదు.

చేత్తో నడిపితే బాగానే ఉంటుంది, రూట్ క్రాన్‌ట్యాబ్ నుంచి నడిస్తే మాత్రం డీపీకేజీ (ప్యాకేజీలు పెట్టి తీసే మూల పనిముట్టు) ఎర్రర్ ఇస్తోంది.

సిస్టమ్ భాష ఇంగ్లిష్ కాకపోతే స్నాప్ భాగం ఏమీ చేయకుండా, ఎర్రర్ కూడా ఇవ్వకుండా ముగిసిపోతోంది.

వీటిని ఒక్కొక్కటిగా అతికించడం కష్టం కాదు. మళ్లీ మళ్లీ ఇదే జరగకుండా ఎలా కట్టుకోవాలన్నదే ప్రశ్న. ఎన్ని వెర్షన్లకు మద్దతివ్వాలి, ఎలా పరీక్షించాలి, బాష్ వదిలేసి పైథాన్‌లోకో గోలోకో మార్చడం మేలా? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

---

ప్యాకేజీ_పని జవాబు:

మీరు చెప్పిన నాలుగు ఇష్యూలకూ మూలం ఒక్కటే. మనిషి చదవడానికి తయారైన అవుట్‌పుట్‌ను స్క్రిప్ట్ చదువుతోంది, లేదా తనకు పరిసరాలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయని నమ్ముతోంది. 380 లైన్లలో బయటి ఆదేశాన్ని పిలిచి దాని అవుట్‌పుట్‌ను కోసే చోట్లు బహుశా పదిహేనుకు మించవు. విరిగేవి అవే. మిగతా లైన్లు ఇరవయ్యేళ్లయినా అలాగే ఉంటాయి. ముందు ఆ పదిహేనింటినీ ఒక కాగితం మీద రాసుకోండి.

కెర్నళ్ల జాబితాతో మొదలుపెడతాను, ప్రమాదమంతా అక్కడే ఉంది కాబట్టి.

"ఆప్ట్" ఆదేశాన్ని స్క్రిప్టులో వాడకూడదు. దాని అవుట్‌పుట్‌ను పైప్‌లోకి పంపితే, తన ఇంటర్‌ఫేస్ స్థిరం కాదని అదే హెచ్చరిస్తుంది. డెబియన్ 13లో వచ్చిన ఆప్ట్ 3.0 రంగులు, నిలువు వరుసలతో అవుట్‌పుట్ రూపాన్నే మార్చేసింది. ప్యాకేజీలు తీసేయడానికి ఆప్ట్-గెట్ వాడండి, జాబితాకు డీపీకేజీ-క్వెరీ వాడండి. "డీపీకేజీ -ఎల్" కూడా వద్దు. దాని వెడల్పు "కాలమ్స్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను బట్టి మారుతుంది. డీపీకేజీ-క్వెరీకి -డబ్ల్యూ, -ఎఫ్ ఇచ్చి స్టేటస్, ప్యాకేజీ పేరు, వెర్షన్, ఈ మూడే ట్యాబ్‌తో విడదీసి తీసుకోండి. ఆ ఫార్మాట్‌ను రాసేది మీరే, అందుకే డిస్ట్రో మారినా అది మారదు.

స్టేటస్‌లో మొదటి రెండు అక్షరాలు "ఐఐ" ఉన్నవాటినే తొలగింపు జాబితాలోకి తీసుకోండి. "హెచ్‌ఐ" అంటే అడ్మిన్ కావాలని హోల్డ్‌లో పెట్టుకున్న ప్యాకేజీ. దాని జోలికి పోవద్దు. "ఆర్‌సీ" అంటే ప్యాకేజీ పోయి కాన్ఫిగ్ ఫైళ్లు మాత్రమే మిగిలాయని. దాన్ని కెర్నల్‌గా లెక్కపెడితే "రెండు ఉంచాను" అనుకుంటూ నిజానికి ఒక్కటే ఉంచుతారు.

పేరు నమూనాలో "లినక్స్-ఇమేజ్-" తర్వాత తప్పనిసరిగా అంకె ఉండాలి. లేకపోతే "లినక్స్-ఇమేజ్-జెనరిక్" అనే మెటా ప్యాకేజీ (ఎప్పటికప్పుడు కొత్త కెర్నల్‌ను తెచ్చేది) కూడా తగులుతుంది. అది పోతే ఆ సర్వర్‌కు ఆ తర్వాత కెర్నల్ సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, వచ్చే నెలల్లో ఎవరికీ తెలియదు కూడా. ఉబుంటులో ఇమేజ్ ఒక్కటే తీస్తే సరిపోదు. 18.04 నుంచి "లినక్స్-మాడ్యూల్స్", "లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా" వేరే ప్యాకేజీలు, హెడర్లు మరొకటి. /లిబ్/మాడ్యూల్స్ కింద చోటు మింగేవి ఇవే.

వరుస పెట్టడానికి మామూలు సార్ట్ వాడితే 6.10 వెళ్లి 6.9 కంటే ముందు కూర్చుంటుంది, అక్షరక్రమంలో 1 ముందు కదా. అప్పుడు కొత్త కెర్నల్ "పాతది" అయిపోయి తొలగింపు జాబితాలోకి వస్తుంది. ఉబుంటులో 5.15.0-9, 5.15.0-101 మధ్య కూడా ఇదే తప్పు జరుగుతుంది. "సార్ట్ -వి" (పెద్ద వి) కానీ, "డీపీకేజీ --కంపేర్-వెర్షన్స్" కానీ వాడాలి.

రాస్ప్‌బెర్రీ పై సంగతి. బుక్‌వర్మ్ నుంచి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 64 బిట్ ఇమేజ్‌లో ప్రతి వెర్షన్‌కూ రెండు ఫ్లేవర్లు (కెర్నల్ రకాలు) పక్కపక్కనే ఉంటాయి. ఒకటి "ఆర్‌పీఐ-వి8", రెండోది పై 5 కోసం "ఆర్‌పీఐ-2712". "కొత్తవి రెండు" అనగానే ఒకే వెర్షన్ రెండు ఫ్లేవర్లూ లెక్కకు వచ్చేస్తాయి. లెక్క ఫ్లేవర్ వారీగా ఉండాలి.

నియమాన్ని ఇలా మార్చి రాయండి. నడుస్తున్న కెర్నల్ (యూనేమ్ -ఆర్ చెప్పేది) ఎప్పుడూ ఉండాలి. దానితోపాటు ప్రతి ఫ్లేవర్‌లో కొత్తవి రెండూ ఉండాలి. "కొత్తవి రెండు" అని మాత్రమే రాస్తే, మూడు అప్‌డేట్ల పాటు రీబూట్ చేయని సర్వర్‌లో నడుస్తున్న కెర్నలే ఎగిరిపోతుంది. సర్వర్ వెంటనే పడిపోదు. అప్పటికి లోడ్ అవని మాడ్యూల్ ఏదైనా కావాల్సి వచ్చినప్పుడు, యూఎస్‌బీ డిస్క్ పెట్టినప్పుడో ఫైర్‌వాల్‌లో కొత్త నియమం వేసినప్పుడో, ఫైల్ దొరకక ఆగుతుంది. అప్పటికి వారాలు గడిచిపోతాయి, మీ స్క్రిప్ట్‌ను ఎవరూ అనుమానించరు.

క్రాన్ సంగతి చిన్నది. యూజర్ క్రాన్‌ట్యాబ్‌లో పాత్ (ఆదేశాలను వెతికే ఫోల్డర్ల జాబితా) అంటే /యూఎస్‌ఆర్/బిన్, /బిన్ మాత్రమే. ఎస్‌బిన్ ఉండదు. డీపీకేజీకి ఎల్‌డీకాన్ఫిగ్, స్టార్ట్-స్టాప్-డీమన్ అక్కడ కావాలి, అందుకే ఎర్రర్. స్క్రిప్టే తన పాత్‌ను పూర్తిగా పెట్టుకోవాలి. అలాగే "ఎల్‌సీ_ఆల్" ను "సీ" కి పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. స్నాప్ ఇష్యూ దానితోనే పోతుంది. "డిసేబుల్డ్" అన్న మాట కోసం వెతుకుతున్నారు, ఆ మాట సిస్టమ్ భాషలోకి అనువాదమై వస్తోంది.

---

పరీక్ష_ముందు జవాబు:

ప్యాకేజీ_పని గారు చెప్పినవి సరిచేశాక అవి అలాగే ఉన్నాయో లేదో చూసే పద్ధతి కావాలి. ఇక్కడ చాలామంది డాకర్ కంటెయినర్‌లో నడిపి, ఆకుపచ్చ గుర్తు చూసి సంతోషపడతారు. ఈ స్క్రిప్ట్ విషయంలో ఆ గుర్తును నమ్మలేం. కంటెయినర్‌లో కెర్నల్ ప్యాకేజీ ఏదీ ఉండదు, యూనేమ్ -ఆర్ హోస్ట్ కెర్నల్‌ను చెబుతుంది. అంటే మీ ముఖ్యమైన ఫంక్షన్ ఖాళీ జాబితా మీద నడిచి "పాస్" అంటుంది.

రెండు అంతస్తులుగా కట్టండి.

మొదటిది నకిలీ ఆదేశాలు. టెస్ట్ ఫోల్డర్‌లో "డీపీకేజీ-క్వెరీ", "యూనేమ్", "ఆప్ట్-గెట్", "స్నాప్" అనే పేర్లతోనే నాలుగైదు లైన్ల చిన్న స్క్రిప్టులు పెట్టి, ఆ ఫోల్డర్‌ను పాత్‌లో ముందుంచాలి. నకిలీ డీపీకేజీ-క్వెరీ ఒక టెక్స్ట్ ఫైల్‌ను క్యాట్ చేస్తుంది, నకిలీ ఆప్ట్-గెట్ తనకు వచ్చిన ఆర్గ్యుమెంట్లను ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. టెస్ట్ చివర ఆ ఫైల్ చూస్తే స్క్రిప్ట్ దేన్ని తొలగించబోయిందో తెలుస్తుంది. ఈ టెక్స్ట్ ఫైళ్లే మీ అసలు ఆస్తి. డెబియన్ 12 క్లౌడ్ ఫ్లేవర్ ఒకటి, ఉబుంటు 22.04 జెనరిక్ ఒకటి, రాస్ప్‌బెర్రీ పై రెండు ఫ్లేవర్లది ఒకటి, హోల్డ్ ఉన్నది ఒకటి, 6.9 పక్కన 6.10 ఉన్నది ఒకటి. ఇకపై బగ్ రిపోర్ట్ వస్తే, సరిచేసే ముందు ఆ యూజర్ జాబితాను కొత్త ఫైల్‌గా చేర్చి, టెస్ట్ ఫెయిలవడం కళ్లారా చూసి, అప్పుడు కోడ్ ముట్టుకోండి. బ్యాట్స్-కోర్ అనే బాష్ టెస్ట్ పనిముట్టు ఈ పనికి చాలు. 2017లో పాత బ్యాట్స్ నుంచి విడిపోయి ఇప్పటికీ నడుస్తున్నది అదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్క్రిప్ట్ మొదటి లైన్లలోనే పాత్‌ను స్థిరంగా పెట్టుకుంటే నకిలీ ఆదేశాలు పక్కకు పోయి అసలువి పిలవబడతాయి. అందుకని పాత్ పెట్టడం మెయిన్ ఫంక్షన్ లోపల ఉండాలి. ఫైల్ చివర "నేరుగా నడిపిస్తేనే మెయిన్ పిలువు" అన్న ఇఫ్ ఉండాలి, బాష్_సోర్స్ మొదటి విలువ, డాలర్ సున్నా సమానమా అని చూస్తే సరి. అప్పుడు టెస్టులు ఫైల్‌ను సోర్స్ చేసుకుని ఫంక్షన్లను విడివిడిగా పిలుస్తాయి. దాన్ని రెండు ఆంపర్‌సాండ్లతో ఒక లైన్‌లో రాయకండి, ఇఫ్‌తోనే రాయండి. లేకపోతే సోర్స్ చేసినప్పుడు షరతు తప్పి చివరి స్టేటస్ 1 వస్తుంది, టెస్ట్ అక్కడే ఆగిపోతుంది.

రెండో అంతస్తు నిజమైన వర్చువల్ మెషీన్. ప్రతి రిలీజ్‌కూ ఒకసారి చాలు. క్యూఈఎంయూలో డెబియన్, ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లను "-స్నాప్‌షాట్" తో బూట్ చేస్తే రాసినవన్నీ తాత్కాలిక ఫైల్‌లోకి పోతాయి, ఇమేజ్ చెడదు. పాత కెర్నల్ ఒకటి ఇన్‌స్టాల్ చేసి, స్క్రిప్ట్ నడిపి, వీఎంను రీబూట్ చేసి లేస్తుందో లేదో చూడండి. రీబూట్ చేయకుండా ఆ పరీక్షకు అర్థం లేదు.

షెల్‌చెక్ (స్క్రిప్ట్‌లో తప్పులు వెతికే పనిముట్టు) ఎలాగూ వాడతారు. దాన్ని ఒకే వెర్షన్‌కు పిన్ చేయండి (కట్టేయండి), కొత్త వెర్షన్ కొత్త హెచ్చరికలు తెచ్చి, మీరు ఏమీ మార్చని రోజున సీఐ (ఆటోమేటిక్ పరీక్షలు) ఎర్రగా మారుతుంది. ఏదైనా హెచ్చరికను ఆపాల్సి వస్తే ఆ లైన్ పైనే కారణం కూడా రాయండి.

సీఐ గురించి ఒక మాట. గిట్‌హబ్‌లో పబ్లిక్ రెపోకు 60 రోజుల పాటు ఏ కదలికా లేకపోతే షెడ్యూల్ చేసిన వర్క్‌ఫ్లోలు వాటంతటవే ఆగిపోతాయి. ఇలాంటి నిదానమైన ప్రాజెక్టుకు సరిగ్గా అదే జరుగుతుంది: సంవత్సరానికి మూడు కమిట్లు, మధ్యలో పరీక్షలు ఆగిపోయి ఉంటాయి. క్యాలెండర్‌లో రెండు నెలలకోసారి చూడ్డానికి గుర్తు పెట్టుకోండి. రన్నర్‌గా "లేటెస్ట్" వద్దు, వెర్షన్ నంబర్ రాయండి. ఇతరులు రాసిన యాక్షన్లను (సీఐలో వాడే రెడీమేడ్ భాగాలు) ట్యాగ్‌తో కాకుండా పూర్తి కమిట్ హ్యాష్‌తో పిన్ చేయండి. 2025 మార్చిలో "టీజే-యాక్షన్స్" వారి ఛేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్ మీద దాడి జరిగినప్పుడు పాత ట్యాగులనే హానికరమైన కమిట్ వైపు తిప్పారు. హ్యాష్‌తో పిన్ చేసుకున్నవాళ్ల కింద కోడ్ మారలేదు.

---

బూట్_ఖాళీ:

చాలా ఉపయోగపడిందండీ. సీఐ చూస్తే నిజంగానే ఆగిపోయి ఉంది. మరి పైథాన్ సంగతి? డీపీకేజీ, స్నాప్ అవుట్‌పుట్ కోయడం పైథాన్‌లో శుభ్రంగా ఉంటుంది కదా. గోలో రాస్తే ఒకే బైనరీ అవుతుంది, డిస్ట్రో బాధ ఉండదు అంటున్నారు.

---

రూట్_జాగ్రత్త జవాబు:

తిరగరాయొద్దు.

రూట్‌గా నడిచే 380 లైన్ల స్క్రిప్ట్‌కు ఉన్న పెద్ద గుణం, నడిపే ముందు ఎవరైనా లెస్‌లో తెరిచి పదిహేను నిమిషాల్లో చదివెయ్యగలగడం. గో బైనరీకి ఆ గుణం ఉండదు. పైగా ఏఎండీ64, ఆర్మ్64, ఆర్మ్‌హెచ్‌ఎఫ్‌కు విడివిడిగా కట్టాలి, గో వెర్షన్‌లో భద్రతా లోపం బయటపడితే మీ కోడ్‌తో సంబంధం లేకుండా మళ్లీ రిలీజ్ చేయాలి. పైథాన్ 2 మద్దతు 2020 జనవరి 1తో ముగిసినప్పుడు ఇలాంటి చిన్న పనిముట్లు ఎన్ని విరిగాయో మర్చిపోకూడదు. ఉబుంటు 20.04లో "పైథాన్" అన్న ఆదేశమే లేకుండా పోయింది, మొదటి లైన్‌లో ఆ పేరున్న స్క్రిప్టులన్నీ ఒక్కసారిగా ఆగాయి. బాష్ మాత్రం అన్నిచోట్లా ఉంటుంది. ఒక్కటి చూసుకోండి, మొదటి లైన్ /బిన్/ఎస్‌హెచ్ అని ఉంటే /బిన్/బాష్‌గా మార్చండి. ఉబుంటులో 2006 నుంచి ఎస్‌హెచ్ అంటే డ్యాష్. అరేలు, రెండు చదరపు బ్రాకెట్లు అందులో నడవవు.

మార్చాల్సింది భాషను కాదు, కొన్ని అలవాట్లను.

తొలగించే ప్రతి దారిలోనూ వేరియబుల్ ఖాళీగా ఉంటే ఏమవుతుందో చూడండి. దారి రాయడంలో చిన్న పొరపాటు కూడా ఇలాగే ముంచుతుంది. బంబుల్‌బీ అనే ఎన్‌విడియా గ్రాఫిక్స్ ప్రాజెక్టు ఇన్‌స్టాల్ స్క్రిప్టులో 2011లో జరిగింది ఇదీ:

ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ /యూఎస్‌ఆర్ /లిబ్/ఎన్‌విడియా-కరెంట్/...

/యూఎస్‌ఆర్ తర్వాత ఉన్న ఆ ఒక్క ఖాళీ చూశారా? అక్కడ ఖాళీ ఉండకూడదు. ఉండటంతో ఆర్‌ఎంకు అవి రెండు వేర్వేరు దారులయ్యాయి, మొదటిది మొత్తం /యూఎస్‌ఆర్. ఒక్క స్పేస్. ఇలాంటి దాన్ని షెల్‌చెక్ అన్నిసార్లూ పట్టుకోలేదు. మీ స్క్రిప్ట్‌లో "ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్" ఉంటే వీలైనంత వరకు తీసెయ్యండి. ఆప్ట్ క్యాష్‌కు "ఆప్ట్-గెట్ క్లీన్" ఉంది, జర్నల్‌కు జర్నల్‌సీటీఎల్ ఉంది, కెర్నళ్లకు డీపీకేజీ ఉంది. ఫైల్ ఎవరిదో వాళ్ల పనిముట్టుతోనే తీయించాలి. తప్పనిసరైతే వేరియబుల్‌ను కోట్‌లలో పెట్టి, కర్లీ బ్రాకెట్లలో పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం ఉంచండి. విలువ ఖాళీ అయితే స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది.

"సెట్ -ఈ" పెట్టేసి నిశ్చింతగా ఉండకండి. ఇఫ్ షరతులో పిలిచిన ఫంక్షన్ లోపల అది పనిచేయదు. "లోకల్ ఎక్స్ = ఆదేశం" అని ఒకే లైన్‌లో రాస్తే ఆదేశం ఫెయిలైనా లోకల్ విజయవంతమైనట్టే లెక్క. డిక్లరేషన్ ఒక లైన్‌లో, విలువ మరో లైన్‌లో రాయాలి. దీనికి వ్యతిరేకం కూడా ఉంది. గ్రెప్‌కు ఏమీ దొరక్కపోతే 1 తిరిగి ఇస్తుంది. తొలగించాల్సిన కెర్నల్ ఏదీ లేదు అనే శుభవార్తకు స్క్రిప్ట్ చచ్చిపోతుంది. సున్నా నుంచి మొదలైన కౌంటర్‌ను జంట బ్రాకెట్లలో ప్లస్ ప్లస్ చేసినా అంతే, మొదటిసారే ఆగిపోతుంది.

లాక్ ఫైల్ /టీఎంపీలో ఉంటే మార్చండి. అందరికీ తెలిసిన పేరుతో అక్కడ రూట్ ఫైల్ తెరవడం మంచిది కాదు. పైగా డెబియన్ 13లో /టీఎంపీ మామూలుగా మెమరీలోనే ఉంటుంది. లాక్ /రన్‌లో పెట్టి ఎఫ్‌లాక్ -ఎన్ వాడండి, గుర్తుంచుకోవాల్సిన స్థితి ఏదైనా ఉంటే /వార్/లిబ్ కింద పెట్టండి.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. బాష్ స్క్రిప్ట్‌ను ముందే మొత్తం చదవదు, నడుస్తూ చదువుకుంటూ పోతుంది. నడుస్తుండగా అదే ఫైల్ మీద సీపీతో కొత్త వెర్షన్ పోస్తే, పాత చోటు నుంచి కొత్త ఫైల్ చదవడం మొదలుపెట్టి ఏదో లైన్ మధ్యలో పడుతుంది. రూట్ స్క్రిప్ట్ సగం లైన్‌ను ఆదేశంగా నడిపితే ఏం జరుగుతుందో చెప్పలేం. స్క్రిప్ట్‌లో స్వీయ అప్‌డేట్ ఉంటే కొత్తదాన్ని అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో దించి, ఎస్‌హెచ్‌ఏ-256 సరిచూసి, ఎంవీతో పేరు మార్చండి. నడుస్తున్న ప్రాసెస్ చేతిలో పాత ఐనోడ్ (అంటే పాత ఫైల్) అలాగే ఉంటుంది. మొత్తం కోడ్ ఫంక్షన్లలో ఉండి చివరి లైన్‌లో మెయిన్ పిలుపు ఒక్కటే ఉంటే, కర్ల్ నుంచి నేరుగా బాష్‌లోకి పంపేవాళ్లకు డౌన్‌లోడ్ మధ్యలో తెగినా ఏమీ నడవదు. అలా నడపమని రీడ్‌మీలో మాత్రం రాయకండి.

---

సాకెట్_దారి జవాబు:

రూట్_జాగ్రత్త గారితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ స్నాప్ విషయంలో ప్యాకేజీ_పని గారు చెప్పినదానితో కాదు. "ఎల్‌సీ_ఆల్ సీ" పెడితే ఇవాళ పనిచేస్తుంది, కానీ "స్నాప్ లిస్ట్ --ఆల్" కూడా మనుషుల కోసం చేసిన పట్టికే. స్నాప్‌డీకి /రన్/స్నాప్‌డీ.సాకెట్ దగ్గర రెస్ట్ ఏపీఐ ఉంది. కర్ల్‌కు "--యూనిక్స్-సాకెట్" ఇచ్చి వీ2 స్నాప్స్‌ను "సెలెక్ట్=ఆల్" తో అడిగితే జేసన్ వస్తుంది, ప్రతి రివిజన్‌కూ స్టేటస్ ఉంటుంది. దాన్ని చదవడానికి జేక్యూ అనే ప్యాకేజీ కావాలి, నిజమే. అది లేకపోతే స్నాప్ భాగాన్ని దాటేసి, ఎందుకు దాటేసిందో ఎస్‌టీడీఎర్‌లో ఒక లైన్ చెబితే చాలు.

అసలు ఈ భాగం ఉండాలా అని కూడా ఆలోచించండి. స్నాప్‌కే "రిఫ్రెష్.రిటెయిన్" అనే సెట్టింగ్ ఉంది. మామూలు ఉబుంటులో అది 2. అంతకంటే తక్కువ పెట్టనివ్వదు. నడుస్తున్నది కాక వెనక్కి వెళ్లడానికి ఒక్క రివిజన్ మిగులుతుంది. దాన్ని కూడా తీసేసే స్క్రిప్ట్, యూజర్‌కు స్నాప్ రివర్ట్ అనే దారిని మూసేస్తోంది. నా అభిప్రాయంలో ఆ భాగాన్ని అడిగితే తప్ప నడవకుండా పెట్టాలి.

జర్నల్ మీద కూడా ఒక ఫిర్యాదు మీకు వచ్చే ఉంటుంది, "200 ఎంబీ అన్నాను, ఇంకా ఎక్కువే ఉంది" అని. వాక్యూమ్ సైజ్ ఆర్కైవ్ అయిన జర్నల్ ఫైళ్లనే తీస్తుంది, ప్రస్తుతం రాస్తున్న ఫైల్‌ను ముట్టదు. ముందు "--రొటేట్" చేసి తర్వాత వాక్యూమ్ చేయాలి.

---

ప్యాకేజీ_పని జవాబు:

ఎన్ని వెర్షన్లు అన్న ప్రశ్న మిగిలింది. రీడ్‌మీలో ఒక చిన్న పట్టిక పెట్టి, అందులో లేనిదానికి మద్దతు లేదని సూటిగా రాయండి. డెబియన్‌కు మూడేళ్ల తర్వాత మరో రెండేళ్లు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) ఉంటుంది. 11కు 2026 ఆగస్టు 31 వరకు, 12కు 2028 జూన్ 30 వరకు. ఉబుంటు ఎల్‌టీఎస్‌కు మామూలు మద్దతు ఐదేళ్లు. ఆ తేదీ దాటిన వెర్షన్ కోసం కోడ్‌లో ప్రత్యేక దారి పెట్టకండి. పాతదే కావాలనేవాళ్లకు అప్పటి ట్యాగ్ ఎలాగూ ఉంటుంది. స్క్రిప్ట్ మొదట్లో ఓఎస్-రిలీజ్ ఫైల్ చదివి, పట్టికలో లేని సిస్టమ్ అయితే ఏం తొలగిస్తుందో చూపించి ఆగాలి, తొలగించకూడదు. ఆర్చ్, ఫెడోరా చేర్చమని పుల్ రిక్వెస్టులు వస్తాయి. పంపినవాళ్లు మంచివాళ్లే, కోడ్ కూడా బాగుండొచ్చు, కానీ విరిగినప్పుడు దాన్ని పరీక్షించే మెషీన్ మీ దగ్గర ఉండదు. మర్యాదగా వద్దనండి.

ఉబుంటు ఎల్‌టీఎస్‌లే వాడినా మధ్య వెర్షన్లలో ఒక్కసారి నడిపి చూడండి, రాబోయే మార్పు అక్కడే ముందు కనిపిస్తుంది. 25.10లో జీఎన్‌యూ కోర్‌యుటిల్స్ (సీపీ, డేట్ లాంటి ప్రాథమిక ఆదేశాలు) స్థానంలో రస్ట్‌లో రాసిన యూయుటిల్స్ వచ్చాయి. మొదట్లో అందులో "డేట్ -ఆర్" ఫైల్ మారిన సమయం బదులు ఇప్పటి సమయం ఇచ్చింది, దానివల్ల ఉబుంటు సొంత ఆటోమేటిక్ అప్‌డేట్ల తనిఖీయే ఆగిపోయింది. తర్వాత సరిచేశారు. ఫైల్ వయసు చూసి నిర్ణయం తీసుకునే చోటు మీ స్క్రిప్ట్‌లో ఉంటే టెస్టులో చేర్చండి. "ఈగ్రెప్" ఉంటే "గ్రెప్ -ఈ" (పెద్ద ఈ) చేయండి, గ్రెప్ 3.8 నుంచి హెచ్చరిక ఇస్తోంది, క్రాన్‌లో ఆ హెచ్చరిక రోజూ మెయిల్ అవుతుంది. "విచ్" బదులు "కమాండ్ -వి".

ఇక బాధ్యత పంచుకోవడం. మీరు అడగలేదు గానీ పదేళ్లంటే ఈ మాట రాక తప్పదు. సిస్టమ్ వివరాలు చూపే నియోఫెచ్ కూడా ఒక బాష్ స్క్రిప్టే. చివరి రిలీజ్ 7.1.0 2020లో వచ్చింది, రెపోను 2024లో ఆర్కైవ్ చేశారు. ఆ నాలుగేళ్లూ జనం ఇష్యూలు రాస్తూనే ఉన్నారు. ఆపాలనుకుంటే అదే రోజు ఆర్కైవ్ చేసి, ప్రత్యామ్నాయం పేరు రీడ్‌మీ మొదటి లైన్‌లో రాయడం మేలు. ఎవరికైనా అప్పగించాలంటే మాత్రం నిదానంగా. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ పనిముట్టులో 2024 మార్చిలో బయటపడిన బ్యాక్‌డోర్ పెట్టినవాళ్లు అంతకుముందు రెండేళ్లకు పైగా మంచి ప్యాచ్‌లే పంపారు. అలసిపోయిన నిర్వాహకుడి మీద ఇతర పేర్లతో ఒత్తిడి తెచ్చి మరీ లోపలికి వచ్చారు. 5.6.0, 5.6.1 టార్‌బాల్స్‌లో (రిలీజ్ ఆర్కైవ్ ఫైళ్లు) ఉన్న ముఖ్యమైన ఫైల్ గిట్‌లో లేనే లేదు. మీ స్క్రిప్ట్‌కు పాఠం ఇంతే: రిలీజ్ ఫైల్, ట్యాగ్‌లో ఉన్న ఫైల్ బైట్‌తో సహా ఒకటే ఉండాలి, మెయిన్ బ్రాంచ్‌లోకి ఏదీ రెండో మనిషి చూడకుండా పోకూడదు. రూట్‌గా నడిచే స్క్రిప్ట్‌కు రాసే హక్కు ఇవ్వడమంటే అందరి సర్వర్ల తాళాలు ఇవ్వడమే.

---

బూట్_ఖాళీ:

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి. /బూట్ అప్పటికే 100 శాతం నిండిన సర్వర్‌లో స్క్రిప్ట్ ఏమీ చేయలేకపోతోంది. ఆప్ట్-గెట్ "అన్‌మెట్ డిపెండెన్సీస్" అని ఆగుతుంది. అప్పుడప్పుడు డీపీకేజీ లాక్ వేరే ప్రాసెస్ చేతిలో ఉందని కూడా వస్తోంది.

---

ప్యాకేజీ_పని జవాబు:

రెండో దానికి జవాబు చిన్నది. బూట్ అయిన కాసేపు ఆటోమేటిక్ అప్‌డేట్లు చేసే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ లాక్ పట్టుకుంటుంది. ఆప్ట్-గెట్‌కు "డీపీకేజీ::లాక్::టైమౌట్=120" ఇవ్వండి, రెండు నిమిషాలు ఆగి చూస్తుంది. డెబియన్ 11, ఉబుంటు 20.04 నుంచి ఉంది. లాక్ ఫైల్‌ను తొలగించే కోడ్ ఎక్కడైనా ఉంటే ఇవాళే తీసెయ్యండి. అది ప్యాకేజీ డేటాబేస్‌నే పాడు చేస్తుంది.

నిండిపోయిన /బూట్ విషయంలో ఆప్ట్-గెట్ పనికిరాదు. సగం ఇన్‌స్టాల్ అయిన కొత్త కెర్నల్‌కు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ సమయంలో కెర్నల్‌తో లోడయ్యే ఫైల్) కట్టబోతుంది, చోటు లేక ఫెయిలవుతుంది, మళ్లీ మొదటికి. ఆ స్థితిలో నేరుగా "డీపీకేజీ --పర్జ్" వాడాలి. అన్నిటికంటే పాత వెర్షన్ ఒక్కదాన్ని ఎంచుకుని, దాని ఇమేజ్, మాడ్యూల్స్, మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా పేర్లు మూడూ ఒకే ఆదేశంలో ఇవ్వండి. విడివిడిగా ఇస్తే ఒకటి మరొకదాని మీద ఆధారపడి ఉందని ఒప్పుకోదు. తర్వాత "డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", ఆ తర్వాత "ఆప్ట్-గెట్ -ఎఫ్ ఇన్‌స్టాల్". ఈ మూడూ అయ్యాకే మామూలు దారిలోకి వెళ్లాలి.

దీన్ని క్రాన్‌లో దానంతటది నడిచేలా పెట్టకండి. వేరే ఆప్షన్ కింద పెట్టండి, తొలగించబోయే మూడు పేర్లూ, పక్కనే యూనేమ్ -ఆర్ కూడా చూపించి, మనిషి "అవును" అని టైప్ చేస్తేనే కదలాలి. మామూలు పరుగులో మాత్రం /బూట్‌లో ఖాళీ ఎంతుందో "డీఎఫ్ -పీ" తో ముందే చూడండి (పెద్ద పీ, లేకపోతే పొడవైన డివైస్ పేరుకు లైన్ రెండుగా విరగొచ్చు). 100 ఎంబీ కంటే తక్కువుంటే ఏమీ ముట్టుకోకుండా, వేరే ఎగ్జిట్ కోడ్‌తో ఆగి, ఆ ఆప్షన్ పేరు చెప్పాలి. ఆ కోడ్ ఏ నంబరో రీడ్‌మీలో రాసి, ఇక ఎప్పుడూ మార్చకండి, జనం మానిటరింగ్‌లో దాన్నే పట్టుకుంటారు.